జ్ఞానమణి కడిగిన ట్యాంకు

మాబెల్ చీరలు మడత పెట్టడంలో దిట్ట. అంచు మీద అంచు పెట్టి అరచేత్తో ఒక్కసారి రాసిందంటే ఇస్త్రీ పెట్టె అక్కర్లేదు. ఆ సాయంత్రం ఆమె మడుస్తున్నవి తన చీరలు కావు. తెల్లవి, సన్నంచువి, మోచేతుల దగ్గర అతుకులు పడ్డ రవికెలు, చర్చికి కట్టుకునే ఒక్క పట్టుచీర. అన్నీ ఒకటొకటిగా మంచం మీది కాన్వాసు సంచీలోకి దిగుతున్నాయి. ఆ చీరల మనిషి జ్ఞానమణి కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, తన సామాను ఇంత కొంచెమా అని ఇవాళే తెలిసినట్టు చూస్తోంది.

పోయే మనిషి సంచీ తానే సర్దుకుంటే అది ప్రయాణం. ఇంకొకరు సర్ది పెడుతుంటే దానికి వేరే పేరు ఉంటుంది. జ్ఞానమణి ఆ పేరు మనసులోకి రానివ్వలేదు.

“శాలువా పైన పెడుతున్నాను అత్తయ్యగారూ. మెదక్‌లో చలి ఎక్కువంటారుగా,” అంది మాబెల్. ఆమె గుంటూరు పిల్ల. పెళ్ళై ఇన్నేళ్ళయినా మాటలో ఆ ఊరు పోలేదు.

“ఔ. చెట్లు ఎక్కువ గద,” అంది జ్ఞానమణి.

మెదక్‌లో మిషన్ వాళ్ళు ముసలి ఆడవాళ్ళ కోసం నడిపే ఇల్లొకటి ఉంది. పొద్దున గంజి, సాయంత్రం ప్రార్థన, వరండాలోంచి చూస్తే చర్చి శిఖరం. చెడ్డ చోటు కాదు. చూసొచ్చిన ఆనంద్ పాల్ ఆ మాటే చెప్పాడు. చెబుతున్నంతసేపూ చొక్కా గుండీ మెలిపెడుతూనే ఉన్నాడు. అతను జ్ఞానమణి తమ్ముడు సైలస్ కొడుకు. తల్లి లేని పిల్లాణ్ణి చంకన వేసుకుని పెంచింది ఈ మేనత్తే. ఇప్పుడతనికి ఇద్దరు ఆడపిల్లలు, లక్డీకాపూల్ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. నాంపల్లి స్టేషన్‌కీ అబిడ్స్‌కీ నడుమ, చాపెల్ రోడ్డు సందులో ఉన్న ఆ పాత ఇంట్లో ముందుగది కిరాయికి ఇస్తే తప్ప సంసారం గట్టెక్కేలా లేదు. ఆ ముందుగది జ్ఞానమణిది. వచ్చే వాళ్ళు ఒకటో తారీఖున దిగుతామన్నారు.

“ఎల్లుండి పొద్దుటి బస్సుకి ఆయన మిమ్మల్ని తీసుకెళ్తారు. ఆఫీసులో సెలవు అడిగారు,” అంది మాబెల్, సంచీ తాడు బిగిస్తూ.

“బస్సుల పోను,” అంది జ్ఞానమణి.

మాబెల్ చేతులు ఆగాయి.

“మా తమ్ముని కార్ల అయితే పోత. గా కార్లనే నన్ను గీ ఇంటికి తెచ్చిండు. పోయేది గూడ గా కార్లనే పోత.”

ఈ మాట జ్ఞానమణి మధ్యాహ్నమంతా నోట్లో నలిపి నలిపి సిద్ధం చేసుకుంది. పోను అని చెప్పడం ఆమెకు చేతకాదు. అరవై దాటిన బతుకులో ఇది కావాలి, ఇది వద్దు అని ఎవరినీ అడిగింది లేదు. బడిలో పిల్లలకు కుట్టుపని నేర్పిన రోజుల్లో కూడా మిగిలిన దారమే తను వాడుకుంది. పోనంటే మాబెల్ నొచ్చుకుంటుంది, ఆనందు ఇద్దరి నడుమా నలుగుతాడు. కారు అడిగితే ఎవరికీ నొప్పి లేదు. ముసలిదాని ముచ్చట అనుకుంటారు. ఆ కారు సైలస్ పోయిన నాటి నుంచి పక్క కొట్టంలో టార్పాలిన్ కింద పడి ఉంది. అది కదలదని ఇంట్లో చిన్నపిల్లకు కూడా తెలుసు.

సైకిలు గోడకు ఆనించి లోపలికి వచ్చిన ఆనంద్ పాల్‌కి మాబెల్ సంగతి చెప్పింది. అతను అత్త ముఖంలోకి చూశాడు. చాలాసేపే చూశాడు.

“సరే అత్తమ్మా. కారే తీద్దాం,” అన్నాడు.

*

బాలకిషన్‌ది స్టేషన్ ఎదుటి వరసలో రేకుల షెడ్డు. ఇనుప సామాను పెట్టె మోసుకుని మర్నాడే వచ్చాడు. టార్పాలిన్ లాగగానే వెనక సీటులోంచి ఒక పిల్లి దూకి గోడెక్కి పోయింది.

“కిరాయిదారు ఖాళీ చేసింది సాబ్. నోటీసు గూడ ఇయ్యకుండనే,” అన్నాడు బాలకిషన్.

ఎవరూ నవ్వలేదు. తను ఏమన్నాడో అర్థం కాక బాలకిషన్ కారు ముందు మూత ఎత్తి తల లోపల పెట్టాడు.

బూడిదరంగు హిల్మన్ అది. చక్రాలు చతికిలబడ్డాయి, దీపాల గిన్నెల్లో సాలీడు గూళ్ళు. జ్ఞానమణి వరండాలో బియ్యం చాట ముందేసుకుని, చూపు చాటలో, చెవులు కొట్టంలో పెట్టి కూర్చుంది. బాలకిషన్ ప్లగ్గులు విప్పి, లోపల నూనె చుక్కలు పోసి, ముందు నుంచి హ్యాండిలు దూర్చి తిప్పాడు. మొదట మొరాయించింది. రెండోసారి మూలిగింది. ఆ తరవాత మెత్తగా తిరిగింది.

“ఇంజన్ జిందా ఉంది,” అన్నాడు. వెనక్కి వెళ్ళి పెట్రోలు పోసే మూత తిప్పి, ముక్కు దగ్గర పెట్టి, ఒకడుగు వెనక్కి వేశాడు. “ట్యాంకే మర్ గయా. వాసన చూడున్రి.”

వార్నిషూ మురిగిన కూరా కలిసిన వాసన వరండా దాకా వచ్చింది. అతను ఒక పుల్ల లోపలికి దించి తీశాడు. పుల్ల చివర లేత బెల్లప్పాకంలా ఏదో సాగింది. దాని మీద తుప్పు పొలుసులు అంటుకుని ఉన్నాయి.

“గింత తుప్పు ఇంజన్లకు పోతే ఖతం. పైపులు జామ్ అయితయి. నా దగ్గర ఒక పాత వ్యాను ట్యాంకుంది సాబ్. పట్టీలు జర వంచితే కూసుంటది. రేపు సాయంత్రానికి బండి రోడ్డు మీద ఉంటది.”

జ్ఞానమణి చేతిలో చాట ఒరిగి గుప్పెడు బియ్యం నేల మీద పడ్డాయి.

“వద్దు,” అన్నాడు ఆనంద్ పాల్. “నాయన బండికి నాయన ట్యాంకే ఉండాలె. ఇప్పి కడుగుదాం.”

“కడుగుడంటే మస్తు పని.”

“కానీ. నేనే ఇప్పుత. సెలవు పెట్టిన గద.”

జ్ఞానమణి వంగి ఒక్కో గింజా ఏరుకుంది. తండ్రి వస్తువంటే ప్రేమ మంచిదే అనుకుంది.

*

ట్యాంకు విప్పడానికే రెండు పూటలు పట్టింది. ఆనంద్ పాల్ వెనక చక్రాల కింద ఇటుకలు పేర్చి, బనియనుతో గోనెసంచీ మీద వెల్లకిలా పడుకుని కిందికి దూరాడు. అడుగున ఉన్న మర బిగుసుకుపోయి కదల్లేదు. కిరసనాయిలు గుడ్డ చుట్టి నాననిచ్చి, సుత్తితో అటూ ఇటూ నెమ్మదిగా తట్టి, చివరికి తిప్పితే నల్లటి చిక్కటి ద్రవం బొట్లు బొట్లుగా తొట్టిలోకి కారింది. పిల్లలిద్దరూ ముక్కులు మూసుకుని పరిగెత్తారు.

“అత్తమ్మా, పెద్ద పానా జర అందియ్యి.”

జ్ఞానమణి పీట జరుపుకుని కారు పక్కనే కూర్చుంది. కింద నుంచి చెయ్యి బయటికి వచ్చినప్పుడల్లా అడిగింది ఆ చేతిలో పెట్టేది. చిన్నప్పుడు స్నానాల గదిలోంచి ఇట్లాగే సబ్బు కోసం చెయ్యి చాపేవాడు. పెట్రోలు పోసే మెడకి తొడిగిన రబ్బరు గొట్టం ఎండి కట్టెలా అయింది. దాన్ని బ్లేడుతో కోశాడు. పెట్రోలు ఎంత ఉందో చూపే ముల్లుకి పోయే తీగ విప్పి, మళ్ళీ పెట్టేటప్పుడు గుర్తుండాలని దారం అడిగాడు. ఆమె కుట్టు డబ్బాలోంచి ఎర్ర దారం తెంపి ఇచ్చింది. ఇక ట్యాంకుని పట్టుకుని ఉన్నవి రెండు ఇనుప పట్టీలే. ఒకటి ఊడింది. రెండోది ఊడేటప్పుడు అతను ఊపిరి బిగబట్టి, ట్యాంకుని గుండెల మీదికి దించుకుని, దానితో పాటు మెల్లగా బయటికి జరిగాడు. ముఖమంతా మట్టి. పళ్ళు మాత్రం తెల్లగా కనిపిస్తున్నాయి. ఆఫీసు నుంచి రోజూ అలసిపోయి వచ్చే మనిషి ఇట్లా నవ్వగా ఆమె చూసి ఎన్నాళ్ళయిందో.

ట్యాంకు ఊపితే లోపల గలగలమంది.

“లోపల చిల్లర ఉందే,” అంది జ్ఞానమణి.

“తుప్పు అత్తమ్మా. అంత చిల్లరుంటే నేను ఆఫీసుకెందుకు పోత?”

ఇద్దరూ నవ్వారు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ మాబెల్ ఆ నవ్వు విని, తడి చేతులు కొంగుకి తుడుచుకుని లోపలికి పోయింది.

*

తుప్పు రాలాలంటే ట్యాంకులో గులకరాళ్ళు, కిరసనాయిలు పోసి, మూతులు బిరడాలతో బిగించి ఊపాలి. షెడ్డులో ఇద్దరు మనుషులు అటొకరు ఇటొకరు పట్టుకుంటే పూటలో అయిపోతుందన్నాడు బాలకిషన్. ఆనంద్ పాల్ ఒప్పుకోలేదు. రిక్షాకి కడితే రోడ్డు కుదుపులకి అదే ఊగుతుందన్నాడు.

“పాతకాలంల టాంగాకు కట్టేటోళ్ళం సాబ్. నాలుగైదు దినాలు పడతది గట్లయితే.”

“పడనీ. రేకు దెబ్బ తినదు.”

గట్టయ్య రిక్షా ఎప్పుడూ సందు మొగదలే ఉంటుంది. అవి నుమాయిష్ ఎగ్జిబిషన్ నడుస్తున్న రోజులు. నాంపల్లి మైదానానికీ స్టేషన్‌కీ అబిడ్స్‌కీ మొజంజాహి మార్కెట్‌కీ తిరిగినంత బేరం. సీటు కింద ట్యాంకుని తాళ్ళతో బిగించి కట్టారు. గట్టయ్య తొక్కగానే సందంతా దద్దరిల్లింది. ఇంటింటి కిటికీలోంచి తలలు బయటికొచ్చాయి.

రోజూ సాయంత్రం గట్టయ్య గేటు దగ్గర ఆగి ఆనాటి ముచ్చట చెప్పేవాడు. జ్ఞానమణి అతనికి చాయ్ పట్టుకొచ్చేది.

“ఇయ్యాల ఒక సేటు ఎక్కిండమ్మా. గిదేం సప్పుడు, నీ బండి ఇరుగుతదా అన్నడు. బండి కాదు సేట్, నీ బరువుకు రోడ్డు ఏడుస్తున్నది అన్న. అబిడ్స్ సర్కిల్ల దిగి నడుసుకుంట పోయిండు.”

“బేరం పోగొట్టుకుంటివి గద.”

“పోతే పోనీ. మార్కెట్ కాడ పోలీసాయన ఆపిండు. సీటు కిందేంది అన్నడు. పెట్రోలు ట్యాంకు సార్ అన్న. రిక్షాకు పెట్రోలేందిరా అన్నడు. ఇప్పటిసంది గిట్లనే వస్తున్నయి సార్, మీకెరుక లేదా అన్న. తల గోక్కుంట పొమ్మన్నడు.”

జ్ఞానమణి నవ్వి, చాయ్ గ్లాసు తీసుకుంటూ, ఎవరూ వినకుండా అడిగేది. “ఇంక లోపల తుప్పు ఉందా గట్టయ్యా?”

“మస్తుందమ్మా. సప్పుడు తగ్గలే.”

ఆ మాట విన్నాక ఆమెకు అన్నం సయించేది. ముందుగదిలో కాన్వాసు సంచీ మంచం కిందికి జరిగింది. శాలువా అందులోంచి బయటికి వచ్చింది, చలిగా ఉందని. ఆ వెనకే బైబిలు వచ్చింది. మాబెల్ అవి చూసి, గది ఊడ్చుకుంటూ పోయింది. ఒకటో తారీఖు మాత్రం దగ్గరవుతోంది.

*

ట్యాంకు దించి వంచితే గులకరాళ్ళతో పాటు చాటెడు తుప్పు పడింది. నీళ్ళు పోసి కడిగారు. మొదట నల్లనీళ్ళు, తరవాత ఎర్రనీళ్ళు, ఆ తరవాత పలచటి ఇటుకరంగు నీళ్ళు.

“చాలు సాబ్,” అన్నాడు బాలకిషన్ చేతులు దులుపుకుంటూ. “పైపు మూతికి ఒక తీగ జాలి పెడదాం. మిగిలింది గందుల ఆగుతది. పెట్రోలు కదా, పాలు పోస్తమా?”

జ్ఞానమణి లేచి వచ్చింది. మూతిలో వేలు పెట్టి లోపలి అంచు వెంబడి రాసి తీసింది. వేలు ఎర్రగా వచ్చింది.

“గిది కడిగినట్టా?” అంది. “గిట్ల కడిగిన గిన్నెల నేను కుక్కకు గూడ గంజి పొయ్య.”

నోరు జారాక గానీ ఏమన్నదో ఆమెకు తెలియలేదు. అప్పటికే చేతులు ముందుకు పోయాయి. అంటు గిన్నెను సగంలో వదిలేయడం ఆ చేతులు ఎన్నడూ ఎరగవు. ఇత్తడి బిందె నల్లబడితే ఏం చేస్తారో ఏ ఇంట్లోనైనా తెలుసు. పాత చింతపండు జాడీ దించింది. నల్లబడ్డ చింతపండంతా పెద్ద గిన్నెలో వేసి, దోసెడు ఉప్పు వేసి, పొయ్యి మీద మరగబెట్టింది. కొంగుతో గిన్నె పట్టుకుని, గుడ్డలో వడగట్టిన పులుసుని గరాటాతో ట్యాంకు నిండా పోసింది. ఇల్లంతా పుల్లటి ఆవిరి.

“అమ్మ ట్యాంకుకు చారు కాస్తున్నది,” అన్నాడు బాలకిషన్. “పోపు గూడ పెట్టున్రి.”

“రేపటి దాంక ఉండనియ్యి. అప్పుడు చూడు,” అంది జ్ఞానమణి. ఆమె ముఖం పొయ్యి వేడికి ఎర్రబడి, ఉన్న వయసు కంటే చిన్నగా కనబడింది.

పొద్దున పారబోస్తే నల్లటి నురగ వచ్చింది. చాకలి సోడా కలిపిన వేణ్ణీళ్ళతో రెండుసార్లు కడిగారు. జ్ఞానమణి గోడకున్న చేతి అద్దం తెచ్చి, ఎండని పట్టి, మూతిలోంచి లోపలికి కొట్టింది. ఆనంద్ పాల్ ఒక కన్ను మూసి చూశాడు. లోపల రేకు కొత్త వెండి గిన్నెలా తెల్లగా ఉంది.

“అత్తమ్మా,” అన్నాడు. పక్కకి జరిగి ఆమెకు చోటిచ్చాడు.

ఆమె కూడా ఒంగి చూసింది. ఎంత బాగా వచ్చింది అనుకుంది. ఇక ఆరబెట్టి బిగించడమే అనుకుంది. అప్పుడు గానీ ఆమెకు తట్టలేదు. తన చేతులతో తన ప్రయాణాన్ని తనే తోమి పెట్టుకుంది.

ఆఖరుసారి మంచినీళ్ళు నింపి, రెండు ఇటుకల మీద పెట్టారు. అప్పుడే మాబెల్ బట్టలు ఆరేయడానికి వచ్చింది.

“కింద తడేంటి?” అంది.

ట్యాంకు అడుగున సన్నటి చుక్కలు. ఒక చోట కాదు, పదిచోట్ల. చూస్తుండగానే చుక్కలు ధారలయ్యాయి. ఇటుకలు తడిసి, నీళ్ళు తులసి కోట లేని ఆ వాకిట్లో అంతటా పారి, గేటు వైపు సాగాయి.

*

బాలకిషన్ వచ్చి వేలితో తడిమి చూశాడు. రేకు ఎప్పుడో పోయిందన్నాడు. తుప్పే పెచ్చుకట్టి చిల్లులు మూసిపెట్టిందట. చింతపండు ఆ పెచ్చుల్ని తినేసింది. “జల్లెడ అయింది సాబ్. గీ మోడల్ ట్యాంకు బొంబాయి నుంచి రావాలె. ఎండాకాలం దాటుతది. నా వ్యాను ట్యాంకేమో మొన్ననే అమ్మిన.”

అతను వెళ్ళిపోయాక వాకిట్లో ముగ్గురే మిగిలారు. మాబెల్ తడి దుప్పటి పిండుతోంది. పిండి పిండి, నీళ్ళు రాకపోయినా ఇంకా మెలిపెడుతోంది.

“కారు కావాలన్నప్పుడు పెద్దావిడ ముచ్చట కదా అనుకున్నాను,” అంది, గొంతు పెంచకుండా. “ఇంత దూరం ఆలోచించారని తెలియలేదు అత్తయ్యగారూ. వద్దని నాతో అంటే సరిపోయేదిగా. చింతపండు దాకా ఎందుకు?”

జ్ఞానమణికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక తల ఊపి, “లేదు బిడ్డా, నేను మంచిగ కావాల్ననే” అంది. ఆ మాట తన చెవికే అబద్ధంలా వినిపించింది.

ఆమె ఆనంద్ పాల్ వైపు చూసింది. అతను కారుతున్న ట్యాంకు వైపు చూస్తున్నాడు. ఒక్క మాట అంటాడని ఎదురుచూసింది. మా అత్తమ్మ అట్లాంటిది కాదు అంటే చాలు. అతను ఏమీ అనలేదు. ట్యాంకుని గోడవారకి జరిపి, చేతులు కడుక్కుని లోపలికి పోయాడు.

ఆ రోజంతా ఆమె కుర్చీలోంచి లేవలేదు. కోరుకున్నది దొరికింది. ఎండాకాలం దాటే దాకా ఎవరూ కదిలించరు. అయినా ముద్ద మింగుడు పడలేదు. కారు అడిగినప్పుడు ఆడింది దొంగమాట. దాన్ని అందరూ నమ్మారు. చింతపండు పోసింది మనసారా. అదే దొంగతనమైంది. ఇక ఈ ఇంట్లో తను కూర పోపు మాడ్చినా, పాలు పొంగించినా, ఎందుకు చేసిందో అని చూస్తారు. పెంచిన పిల్లాడు కూడా చూస్తాడు.

*

మర్నాడు ఆనంద్ పాల్ ఆఫీసుకి పోగానే ఆమె సందు మొగకి నడిచింది.

“గట్టయ్యా, రేకుపనాయన కొట్టు కాడికి పోవాలె. ట్యాంకు తియ్యి.”

“సీటు కింద కట్టాల్నా అమ్మా?”

“వద్దు. నా ఒళ్ళ పెట్టు.”

అబిడ్స్ బట్టల దుకాణాల ముందు నుంచి, గాజు కిటికీల ముందు నుంచి, తెల్లచీర కట్టుకున్న ముసలామె ఒళ్ళో చిల్లుల ట్యాంకుని రెండు చేతులా పట్టుకుని పోతుంటే జనం తిరిగి చూశారు. ఆమె ఎవరినీ చూడలేదు.

పెద్ద దుకాణాల వెనక సందులో గరాటాలు, లాంతర్లు, కిరసనాయిలు డబ్బాలు చేసే కొట్టు. రేకుపనాయన ఆమె ఈడువాడే. ట్యాంకులో నీళ్ళు పోసి, చుక్క పడ్డ చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టాడు.

“రేపు రా అమ్మా.”

“రేపు కాదు. గీడనే కూసుంట.”

ఆయన బొగ్గుల కుంపటి రాజేశాడు. పెట్రోలు తాగిన డబ్బాకి నిప్పు చూపిస్తే పేలుతుందని, దాన్ని నీళ్ళతో నింపి, చిల్లున్న మేర మాత్రమే నీటిపైన ఉండేలా వంచి పెట్టాడు. ఆకురాయితో రాశాడు. ఆసిడ్ పూశాడు. ఎర్రగా కాలిన రాగి కాడని తగరానికి తాకిస్తే అది వెండిచుక్కలా కరిగి చిల్లు మీద కూర్చుంది. ఒకటి అయ్యాక ట్యాంకు తిప్పి ఇంకొకటి. పొద్దెక్కింది. ఆమె ముక్కాలిపీట మీద కదలకుండా కూర్చుంది.

“గింత తొందర దేనికి? ఎటు పోవాలె?” అన్నాడాయన.

“మెదక్.”

“సుట్టాలింటికా?”

“కాదు. గాడనే ఉండనీకి.”

ఆయన రాగి కాడ కుంపటిలో పెట్టి ఆమె ముఖంలోకి చూశాడు. గట్టయ్య రిక్షా హ్యాండిలు మీద గడ్డం ఆనించి వింటున్నాడు.

“పోనీకి మనసు లేనట్టుంది,” అన్నాడు రేకుపనాయన. “ఒక్క పని చేస్త. గీ మూలకు రెండు బొక్కలు ఇడిసిపెడత. చిన్నయి. ఎవలికీ కానరావు. పెట్రోలు పోస్తే కారతది, బండి ఆగుతది. రేకు మంచిగ లేదని నా పేరు చెప్పుకో. నాకేం ఫికర్ లేదు.”

నవ్వించడానికి అన్నాడో, నిజంగానే అన్నాడో. జ్ఞానమణి ఆ మూల వైపు చూసింది. సుద్దగుర్తులు రెండు పక్కపక్కనే ఉన్నాయి, బొట్టుబిళ్ళల సైజులో. అబిడ్స్ రోడ్డు మీద బస్సు హారను మోగి ఆగేంతసేపు చూసింది.

“ఒక్కటి గూడ ఇడవద్దు,” అంది.

*

సాయంత్రం ఆ ట్యాంకుని నీళ్ళతో నింపి, వరండాలో పొడి సిమెంటు మీద, మాబెల్ వంటింట్లోంచి చూస్తే కనబడే చోట పెట్టింది. దీపాలు పెట్టే వేళ దాకా సిమెంటు పొడిగానే ఉంది.

మాబెల్ వచ్చి నిలబడింది. ట్యాంకు వైపు చూడలేదు. జ్ఞానమణి చీర మీద పడ్డ మసినీ, నిప్పురవ్వలకి పడ్డ చిల్లుల్నీ చూసింది.

“అత్తయ్యగారూ. నేను ఆ రోజు అన్నది...”

“ఏమన్నవ్? మంచి మాటే అన్నవ్. చింతపండు గంతగనం వెయ్యొద్దు.”

మాబెల్ ఆ చీర విప్పించి, తనే సబ్బు పెట్టి ఉతికింది. మసి పోలేదు. ఇంకోసారి ఉతికింది. ఆనంద్ పాల్ ఆఫీసు నుంచి వచ్చి, వరండాలో పొడిగా ఉన్న నేలని చూసి, సైకిలు చేత్తో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

“ఎవలు చేపిచ్చిన్రు?” అన్నాడు.

“నేనే,” అంది జ్ఞానమణి. “ఇగ బిగించు.”

అతను బిగించాడు. పట్టీలు, మెడకి కొత్త రబ్బరు గొట్టం, ఎర్ర దారం కట్టిన తీగ. ఒక్కో మరా బిగించడానికి విప్పినప్పటి కంటే ఎక్కువసేపు తీసుకున్నాడు. బాలకిషన్ బ్యాటరీ తెచ్చి పెట్టి, కొత్త పెట్రోలు పోసి మీట నొక్కితే హిల్మన్ రెండుసార్లు దగ్గి, నీలం పొగ వదిలి, నడిచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

1965 ఫిబ్రవరి ఒకటో తారీఖు పొద్దున, ఇంటి ముందు కిరాయివాళ్ళ సామాను బండి ఆగింది. కూలీలు మంచాలు దింపుతుంటే వాటి పక్క నుంచి జ్ఞానమణి నడిచి వచ్చి కారెక్కింది. మాబెల్ కారు అద్దం మీద చెయ్యి ఆనించి ఉంచింది. కారు కదిలాక గానీ తియ్యలేదు.

కారు లక్డీకాపూల్ చేరింది. ఆఫీసు గేటు దాటాక జ్ఞానమణి రోడ్డు వైపే చూస్తూ అంది.

“ఆనందూ. గీ కారు నడవదనుకునే అడిగిన.”

అతను గేరు మార్చాడు. “నాకెరుకే అత్తమ్మా.”

“ఎప్పటిసంది?”

“నువ్వు అడిగిన దినమే. ఇన్నేండ్లల నువ్వు నోరు తెరిచి ఒక్కటన్న అడిగినవా? గందుకే బాలకిషన్ వ్యాను ట్యాంకు పెడతనంటే వద్దన్న. రిక్షాకు కట్టిన. ఒకటో తారీఖు దాటితే గా కిరాయోళ్ళు ఇంకో ఇల్లు చూసుకుంటరనుకున్న.”

“మరి గా దినం నోరిప్పకపోతివి.”

“మాబెల్ ముందల ఏమని చెప్పాలె? ట్యాంకు కారుతుంటే నాకు పానం నిమ్మళమైంది. నువ్వు దాన్ని ఒళ్ళ పెట్టుకొని కొట్టుకు పోతవని నాకేమెరుక?”

ముందు ఒక ఎద్దుబండి అడ్డం వచ్చింది. అతను కారు ఆపాడు. ఇంజన్ మెత్తగా నడుస్తోంది. ఎక్కడా ఒక్క చుక్క కారడం లేదు.

“తిప్పాల్నా?” అన్నాడు.

ఎద్దుబండి పక్కకి తొలగింది. వెనక నుంచి ఎవరో హారను కొట్టారు.

“మంచాలు దింపిన్రు గద బిడ్డా. ఇగ పోనియ్యి. క్రిస్మస్‌కు వస్త తీ.”

“నేనే వచ్చి తీస్కపోత,” అన్నాడు ఆనంద్ పాల్.

ఆ క్రిస్మస్‌కి చిన్నపిల్లకి అమ్మవారు పోసింది. పై క్రిస్మస్ నాటికి కారు అమ్మేశారు. ఆనంద్ పాల్ బస్సు మీద రెండుసార్లు మెదక్ వెళ్ళి చూసి వచ్చాడు. జ్ఞానమణి నాంపల్లికి మళ్ళీ రాలేదు. 1968 ఆగస్టులో మెదక్‌లోనే చనిపోయింది.